కొబ్బరిచెట్టు మీంచి పడ్డ చెయ్యి: అల్నార్ నరమా, మెడ దగ్గర ప్లెక్ససా?

కాలవగట్టు ఫిజియో (అమలాపురం) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారమండి. అమలాపురంలో చిన్న ఫిజియో సెంటర్ నాది. మా దగ్గరకొచ్చే చేతులు చాలావరకు మణికట్టు విరిగినవి, పక్షవాతం వచ్చినవి, ఎప్పుడైనా మిషన్లో వేళ్ళు నలిగినవి. బ్రేకియల్ ప్లెక్సస్ (మెడలోంచి చేతికొచ్చే నరాల అల్లిక) అంటే పరీక్షలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకోవడమే తప్ప, చేత్తో పట్టుకుని చూసిన కేసు లేదు. ఇదైనా ప్లెక్సస్సేనా అన్న అనుమానంతోనే రాస్తున్నాను.

మనిషికి 34 ఏళ్ళు. కొబ్బరి దింపు పని. అంబాజీపేట అవతల లంకల్లో తోటలు. అయిదు నెలల కిందట, ముందురోజు రాత్రి వాన పడి మాను జారుడుగా ఉన్నా ఎక్కాడు. గెల నరికే ఎత్తుకి వెళ్ళాక కాళ్ళ తాడు జారింది. జారుతూ కుడిచేత్తో మట్ట అందుకున్నాడు. "అయిదంకెలు లెక్కపెట్టేంతసేపు ఆ చేతికే వేలాడానండి, ఆనక మట్ట ఊడొచ్చేసింది" అన్నాడు. కింద బోదె బురదలో పడ్డాడు కాబట్టి నడుం దక్కింది. ఎముక ఎక్కడా విరగలేదు.

ఇప్పుడు భుజం పూర్తిగా లేస్తోంది. మోచెయ్యి వంగుతోంది, చాస్తోంది. మణికట్టు పైకి లేస్తోంది. వేళ్ళే లేవు. ఉంగరం వేలు, చిటికెన వేలు ముడవడం అసలు లేదు, చూపుడువేలు కొద్దిగా కదులుతుంది. వేళ్ళు విప్పి దూరం జరపలేడు. పిడికిలి మెటికల దగ్గర వెనక్కి వాలి, చివర వంగి గోళ్ళ చెయ్యి అయిపోయింది. చిటికెన వేలికి, ముంజేతి లోపలి వైపు మోచేతి దగ్గరదాకా స్పర్శ లేదు. రెండు వేళ్ళ మధ్య బీడీ కాలి బొబ్బ లేచింది, వాళ్ళావిడ చెప్తేగానీ తెలియలేదట. రాత్రిళ్ళు నొప్పి. "కారం పూసి కొలిమిలో పెట్టినట్టుంటదండి" అంటాడు.

ఇంతకుముందు ఇంకో ఊళ్ళో మూడు నెలలు కరెంటు పెట్టించుకున్నాడు. ఆ కాగితం మీద "అల్నార్ నర్వ్ పాల్సీ" (చిటికెన వేలి వైపు నరం పడిపోవడం) అని ఉంది. పడిన రెండు నెలలకి చేసిన నరాల టెస్టులో అల్నార్, మీడియన్ (బొటనవేలి వైపు నరం) రెండింటి మోటార్, అంటే కండరాన్ని కదిలించే కబురు, బాగా తగ్గింది. సెన్సరీ, అంటే స్పర్శ కబురు, మాత్రం రెండిట్లోనూ నార్మల్. ఆ "నార్మల్" కింద ఎవరో ఎర్రపెన్నుతో గీత గీసి, సగం నరం బాగానే ఉంది, ఆరు నెలల్లో వచ్చేస్తుందని చెప్పారట. ఇంటిల్లిపాదీ ఆ గీత పట్టుకుని కూర్చున్నారు.

నాకు కుదరనిది ఒకటే. అల్నార్ అయితే బొటనవేలి దిబ్బ ఎందుకు చదునైపోయింది? బొటనవేలి చివరి కణుపు ఎందుకు వంగట్లేదు? మెటికల స్ప్లింట్ వేశాను. ఇంకా ఎన్నాళ్ళు చూడాలి? వేరే ఏం చెయ్యాలి?

అన్నట్టు, పడ్డప్పుడు ముఖానికి కూడా తగిలినట్టుంది, కుడి కనురెప్ప కాస్త వాలి ఉంటుంది. దానికి కంటి డాక్టరు దగ్గరకి వెళ్ళమన్నాను.

భీమవరం ఫిజియో:

మేడమ్, జబ్బ దగ్గర అల్నార్, మీడియన్ రెండూ కలిసి నలిగి ఉంటాయి. చంక కింద రెండూ పక్కపక్కనే కదా వెళ్ళేది. సెన్సరీ బాగుందంటే మంచి సూచనే. స్టిమ్యులేషన్ (కరెంటు) ఆపకండి, ఆపితే కండ తినేస్తుంది. బీ12 ఎలాగూ ఇస్తారు. ఏడాది దాకా ఓపిక పట్టమనండి. నా దగ్గర ఇలాంటివి రెండు బాగైనవి ఉన్నాయి.

ధవళేశ్వరం పిన్ని:

అమ్మాయ్, నువ్వడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు నువ్వు "అన్నట్టు" అని చివర్న విసిరేసిన ముక్కలో ఉంది. ఆ రెప్ప.

అతన్ని రేపు నీ గదిలో లైట్లు ఆర్పేసి కూర్చోబెట్టు. ఎడమ కంటి పాప పెద్దదవుతుంది. కుడిది చిన్నగానే ఉండిపోతే, పెద్దదయినా ఆలస్యంగా అయితే, అది ముఖానికి తగిలిన దెబ్బ కాదు. హార్నర్ అంటారు. రెప్పని కాస్త ఎత్తి ఉంచే నరం, పాపని పెద్దది చేసే నరం, ముఖానికి చెమట పట్టించే నరం, ఈ మూడూ టీ1 వేరు (మెడ కింద, ఛాతీ మొదట్లో వెన్నులోంచి వచ్చే నరం వేరు) వెంట వెన్నులోంచి బయటికొచ్చి మళ్ళీ పైకెక్కుతాయి. టీ1 వెన్ను దగ్గరే పీకబడితే చేతితో పాటు కన్ను కూడా చెప్తుంది. మధ్యాహ్నం నడిచొచ్చాక నుదురు చూడు, కుడివైపు పొడిగా ఉంటుందేమో.

ఈ సంగతి పట్టుకున్నది ఆగస్టా క్లుంప్కే, 1885లో, పారిస్‌లో ఇంకా శిక్షణలో ఉండగా. ఆస్పత్రుల్లో ఆడవాళ్ళని ఇంటర్న్‌గా రానివ్వబోమని పెద్దమనుషులు కొట్లాడుతున్న రోజులవి. చెయ్యి పడిపోయిన రోగి కన్ను వైపు చూసింది ఆవిడ. నూట నలభై ఏళ్ళు దాటాక కూడా మనం రెప్ప చూసి కంటి డాక్టరు దగ్గరకి పంపిస్తున్నాం. నిన్ను అనట్లేదు తల్లీ. నేనూ చూడాల్సింది చూడకుండా వదిలేశాను, ఆ కథ కింద చెప్తాను.

రెండోది ఆ ఎర్రగీత. చిటికెన వేలికి స్పర్శ లేదు, టెస్టులో చిటికెన వేలి సెన్సరీ నార్మల్. ఈ రెండూ ఒకే చేతిలో ఎలా ఉంటాయని ఎవరూ అడగలేదా? స్పర్శ నరానికి ప్రాణం పోసే కణం వెన్నులో ఉండదు, వెన్ను బయట చిన్న ముడిలో, గ్యాంగ్లియన్‌లో ఉంటుంది. తోటలో బోరు తోటలోనే ఉందనుకో, ఊరి కాలవకి ఎక్కడో గండి పడ్డా తోటలో గొట్టం పారుతూనే ఉంటుంది. ముడికి లోపలివైపు, వెన్ను దగ్గర తెగితే, ముడి నుంచి చిటికెన వేలి దాకా నరం చావదు. మిషన్ పెట్టి కొడితే కబురు పలుకుతుంది. ఆ కబురు మెదడుకి అందదు, అంతే. మోటార్ కణం వెన్నులోపలే ఉంటుంది కాబట్టి అది మాత్రం పోయింది. అందుకే స్పర్శ లేని చోట సెన్సరీ నార్మల్ వచ్చిందంటే మంచివార్త కాదు, అన్నిటికన్నా చెడ్డవార్త. వేరు వెన్నులోంచి ఊడిందన్నమాట.

భీమవరం బాబూ, జబ్బ దగ్గర నలిగుంటే ఈ పాటికి సెన్సరీ కూడా పోవాలి, ఎందుకంటే అక్కడ దెబ్బ ముడికి అవతల కదా. పైగా ముంజేతి లోపలి చర్మం అల్నార్‌ది కాదు, మీడియన్‌దీ కాదు. మీడియల్ కార్డ్ (ప్లెక్సస్‌లో లోపలి పాయ) నుంచి తిన్నగా వేరే నరం వస్తుంది దానికి. అల్నార్ స్పర్శ మణికట్టు దగ్గర మొదలై చేతిలోనే అయిపోతుంది. మోచేతి దగ్గరదాకా మొద్దుబారిందంటే కథ పైనే ఉంది. ఇక బొటనవేలి దిబ్బ మీడియన్ కండరం, వేళ్ళ మధ్య చిన్న కండరాలు అల్నార్ కండరాలు. నరాలు రెండు, వేరు ఒకటే: టీ1. బొటనవేలి చివర వంచేది సీ8 (టీ1కి పైనే ఉన్న మెడ వేరు), టీ1. అమ్మాయి అడిగిన ప్రశ్నే దానికి జవాబు. నరం పేరు పెట్టి చూస్తే చిక్కుముడిలా ఉన్నది వేరు పేరు పెట్టి చూస్తే విడిపోతుంది.

పడిన తీరు కూడా అదే చెప్తోంది. తల ఒకవైపు, భుజం ఒకవైపు విరుచుకుపోతే పై వేర్లు, సీ5, సీ6 తెగుతాయి. బండి మీంచి పడ్డవాళ్ళది అది. భుజం లేవదు, మోచెయ్యి వంగదు, గుప్పిట మాత్రం గట్టిగా ఉంటుంది. చెయ్యి పైకి పెట్టి ఒళ్ళంతా దానికి వేలాడితే కింది వేర్లు, సీ8, టీ1 పోతాయి. పుస్తకాల్లో "చెట్టుకొమ్మ పట్టుకుని వేలాడిన మనిషి" అని బొమ్మ వేస్తారు. ఆ బొమ్మ గీసినాయన కోనసీమ వచ్చాడేమో అనిపిస్తుంది నాకు.

నా కథ. నేను ప్రాక్టీసు మొదలెట్టిన రెండో ఏట, గోదారి అవతల నుంచి ఒక కుర్రాడు వచ్చేవాడు, రోజూ రేవు దాటి. బండి ప్రమాదం, కుడిభుజం, మోచెయ్యి లేవు. నేను చేతికి ఎంత చేశానో! వేడి పెట్టాను, కరెంటు పెట్టాను, కీళ్ళు తిప్పాను. ఎనిమిది నెలలు. ఒక్కరోజు కూడా చొక్కా విప్పించి వీపు చూడలేదు. చూసుంటే రెక్క ఎముక పక్కన రాంబాయిడ్ కండ గుంటపడి కనిపించేది. దానికి నరం సీ5 వేరు మొదట్లోనే చీలిపోతుంది. ఆ కండ కూడా పోయిందంటే తెగింది మెడ వేరు దగ్గరే. పెద్దాసుపత్రికి వెళ్ళేసరికి పదిన్నర నెలలు. సర్జన్ నన్ను తిట్టలేదు. "కొంచెం ముందొస్తే బాగుండేదమ్మా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఎందుకు ముందు రావాలో లెక్క చూడు. నరం రోజుకి సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. టేపు తీసుకుని అతని మెడ నుంచి అరచేతి దాకా కొలువు, 70 సెంటీమీటర్లు అటూఇటూ వస్తుంది. 700 రోజులు. కండరం నరం కోసం ఏడాది, మహా అయితే ఏడాదిన్నర చూస్తుంది, తర్వాత నరం వచ్చి తలుపు తట్టినా లోపల ఎవరూ ఉండరు. అందుకే మెడ దగ్గర తెగినదాన్ని ఇవాళ అతికినా అరచేతి చిన్న కండరాలు రావు. ఇతనికి అతికే అవకాశమూ లేదు, వెన్నులోంచి ఊడిన వేరుని మళ్ళీ నాటలేం.

మరి ఏం చేస్తారంటే, పక్కింటి కాలవకి అడ్డుకట్ట వేసి ఇటు మళ్ళిస్తారు. బాగున్న కండరానికి వెళ్ళే కొమ్మ ఒకటి తెచ్చి, చచ్చిన నరానికి, కండరానికి వీలయినంత దగ్గరలో కలుపుతారు. ఇతనికి మోచెయ్యి వంచే బ్రేకియాలిస్ కండరం కొమ్మని మీడియన్‌లో వేళ్ళు వంచే భాగానికి కలపడం ఒక దారి. బైసెప్స్ ఉంటుంది కాబట్టి మోచేతికి లోటు రాదు. ఇది కాలం మించకముందే చెయ్యాలి. ఆరు నెలల లోపయితే మేలు. నీ పేషెంటుకి అయిదయ్యాయి. రెండో దారి టెండన్ (కండరాన్ని ఎముకకి కట్టే తాడు) మార్పిడి. మణికట్టుని పైకెత్తే రెండు టెండన్లలో ఒకటి తీసి వేళ్ళు వంచే వాటికి, బ్రేకియోరేడియాలిస్ అనే ముంజేతి కండరాన్ని బొటనవేలికి. దీనికి తొందర లేదు, ఏడాది తర్వాతైనా చెయ్యొచ్చు, కానీ కీళ్ళు మెత్తగా ఉంటేనే. బిగుసుకుపోయిన వేళ్ళని ఏ టెండనూ వంచలేదు. ఆ మెత్తదనం సర్జన్ పని కాదు, నీది, నాది.

కాబట్టి స్ప్లింట్ మంచిపనే. మెటికలు వెనక్కి వాలకుండా ఆపాలి, వేళ్ళు మొత్తం కట్టెయ్యకూడదు. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య సందు దగ్గరపడకుండా రాత్రి చిన్న స్పేసర్ పెట్టు. మణికట్టు వెనక్కి వంచి, అదే ఊపులో వేళ్ళు కూడా మొత్తం చాచి లాగే అలవాటు చాలామందికి ఉంది. అది చెయ్యకు. మణికట్టు లేపినప్పుడు వేళ్ళు వాటంతటవే కాస్త ముడుచుకునే గుణం ఉంటుంది, చెంబు పట్టడానికి అదే ఆధారం, దాన్ని సాగదీసి పోగొట్టకు.

ఒక చార్టు రాయి. సెరేటస్ (రెక్క ఎముకని ముందుకి లాగే కండరం), రాంబాయిడ్ దగ్గర మొదలెట్టి అరచేతిదాకా, ఒక్కో కండరం పక్కన దాని వేరు, 0 నుంచి 5 దాకా బలం, తేదీ. నెలనెలా. సర్జన్ నీ ఉత్తరం చదవడు, ఆ చార్టు చదువుతాడు. కాలర్ బోన్ పైన వేలితో తట్టి చూడు. తట్టినప్పుడు జిల్లుమని చేతిలోకి పాకితే అక్కడ తెగిన కొస ఒకటి వెన్నుకి అంటుకునే ఉందని అర్థం. అది మంచిమాట. ఏమీ పాకకపోతే అదీ రాయి.

రాజమండ్రిలో రైలెక్కి కోయంబత్తూరు వెళ్ళమను. అక్కడి గంగా ఆస్పత్రి ఈ పనికి పేరున్న చోటు. హైదరాబాదులోనూ చేసేవాళ్ళున్నారు. ఎక్కడికైనా సరే, ఈ వారం.

భీమవరం ఫిజియో:

ఒప్పుకుంటున్నానండి, సెన్సరీ సంగతి నాకూ తట్టలేదు. కానీ కరెంటు అసలు వద్దంటారా? పేషెంట్లు కరెంటు పెట్టకపోతే వైద్యం చేయనట్టే చూస్తారు. మళ్ళీ రారు.

ధవళేశ్వరం పిన్ని:

ఏ కరెంటు బాబూ? చాలా సెంటర్లలో ఉన్న ఫారడిక్ మిషన్ నరం ఉన్న కండరాన్నే కదిలిస్తుంది. నరం పోయిన కండరానికి దాని పల్సు మరీ చిన్నది, సరిపోదు, పొడవు పల్సు ఉండే డీసీ కావాలి. దానితోనైనా నరం పెరిగే వేగం మారదు. పైగా స్పర్శ లేని చర్మం మీద ప్యాడ్ కాలినా అతనికి తెలీదు, బీడీ సంగతి చూశావుగా. కరెంటు పెట్టొద్దని గొడవ పడను. ఎదురుచూడ్డానికి అది సాకు అవుతుందే, దానిమీదే నా గొడవ. మూడు నెలలు రోజూ వంద, నూటయాభై ఇచ్చి వైద్యం జరుగుతోందనే అనుకున్నాడు ఆ మనిషి.

మొదటి రకం దెబ్బ, సెడన్ 1943లో పేరు పెట్టిన న్యూరాప్రాక్సియా, నరం తెగకుండా మూర్ఛపోవడం లాంటిది. వారాల్లో, మహా అయితే మూడు నెలల్లో తనే లేస్తుంది. నీ దగ్గర బాగైన ఇద్దరూ బహుశా అదే. వాళ్ళు కరెంటు పెట్టకపోయినా లేచేవాళ్ళు.

ఎడంచెయ్యి (రాజోలు):

నేను థెరపిస్టుని కాదండి, పేషెంటుని. ఈ మాటలు చదువుతుంటే రాయాలనిపించింది.

మూడున్నరేళ్ళ కిందట, కోతల రోజుల్లో, రాత్రి తొమ్మిదింటికి కాలవగట్టు రోడ్డు మీద వస్తున్నాను. ధాన్యం ఆరబోసి, బండ్లు తొక్కకుండా అంచున రాళ్ళు పెట్టారు. రాయి ఎక్కింది టైరు. భుజం రోడ్డుకి కొట్టుకుంది, హెల్మెట్ ఇటు, భుజం అటు. స్పృహ వచ్చేసరికి ఎడంచెయ్యి ఎవరిదో తెచ్చి తగిలించినట్టు వేలాడుతోంది. వేళ్ళు మాత్రం ఆడుతున్నాయి. సీ5, సీ6 అన్నారు తర్వాత.

నాలుగో నెలలో ఆపరేషన్ అయింది. రెండు కలిపారు. మెడ పక్కన భుజం ఎగరేసే కండరానికి వెళ్ళే నరాన్ని భుజానికి. ఇంకోటి ఓబర్లిన్ అన్నారు, ఫ్రాన్స్ డాక్టరు 1994లో రాసిందట. అల్నార్ నరంలో మణికట్టు వంచే పోగు ఒకటి చీల్చి బైసెప్స్‌కి కలిపారు. "ఉన్న చెయ్యిలోంచి తీసి లేని చేతికి ఇస్తారా, వేళ్ళు కూడా పోతే?" అని మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వేళ్ళు పోలేదు. కొన్నాళ్ళు చిటికెన వేలు తిమ్మిరెక్కింది, తర్వాత అదీ పోయింది.

థెరపీ వాళ్ళు చెప్పాల్సింది ఇక్కడుంది. నాకు మొదట ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదు. "మోచెయ్యి వంచు, వంచు" అనేవారు. నేను వంచుదామనుకుంటే ఏమీ వచ్చేది కాదు. రాజమండ్రిలో ఒకావిడ అన్నారు: "నువ్వు మోచెయ్యి సంగతి మర్చిపో. గుప్పిట బిగించు, మణికట్టు చిటికెన వేలి వైపు వంచు. బైసెప్స్ ఇప్పుడు ఆ ఇంటి కోడలు, ఆ ఇంటి మాటే వింటుంది." టేబుల్ మీద పౌడర్ చల్లి చెయ్యి పడుకోబెట్టి, రబ్బరు బంతి పిసకమన్నారు. ఆపరేషన్ అయిన నాలుగున్నర నెలలకి, బంతి పిసికితే జబ్బ లోపల చేపపిల్ల కొట్టుకున్నట్టు కదిలింది. మా ఆవిడ వేలు పెట్టి చూసి అరిచింది. వారం రోజులు ఎవరింటికొచ్చినా ముందు చెయ్యి చాపి, పట్టుకు చూడమనేవాణ్ణి.

తర్వాత ఏడాదికిగానీ గుప్పిట, మోచెయ్యి వేరుపడలేదు. అప్పటిదాకా టీ గ్లాసు గట్టిగా పట్టుకుంటే నోటి దగ్గరికి తనే లేచేది. భుజానికి కూడా అంతే, మొదట భుజం ఎగరేస్తేనే పక్కకి లేచేది.

ఇప్పుడు చెంబుతో నీళ్ళు పోసుకుంటాను, లుంగీ కట్టుకుంటాను. తల వెనక దువ్వుకోలేను. చెయ్యి బయటి వైపు తిరగడం సగమే. అది మొదటి నాలుగు నెలలు నేను చెయ్యి కడుపుకి కట్టుకుని తిరిగినందుకు అనుకుంటా. ఎవరూ తిప్పమని చెప్పలేదు.

నొప్పి గురించి ఒక్కమాట. ఆ దింపు అబ్బాయి "కొలిమిలో పెట్టినట్టు" అన్నాడు చూశారా, అది నిజం. చెయ్యికి స్పర్శ లేదు కదా, నొప్పేంటి అని ఇంట్లోవాళ్ళే నవ్వుతారు. దానికి వేరే మాత్రలుంటాయి, మామూలు నొప్పి బిళ్ళలు వంద మింగినా తగ్గదు. నాకు ప్రీగాబాలిన్ మొదలెట్టాకే నిద్ర పట్టింది. అతన్ని డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ నొప్పి ఉన్నదున్నట్టు చెప్పమనండి. సిగ్గుపడి చెప్పరు.

ధవళేశ్వరం పిన్ని:

ఎడంచెయ్యి బాబూ, బయటికి తిప్పడం ఎందుకు పోయిందో నువ్వే సరిగ్గా చెప్పావు. మోచెయ్యి పక్కకి ఆనించి చెయ్యి బయటికి తిప్పడం, రోజుకి నాలుగైదు సార్లు, మొదటివారం నుంచే నేర్పాలి. భుజం జారకుండా పట్టీ ఉండాలి, కానీ పట్టీలోనే బతికెయ్యకూడదు.

కొత్తపేట అమ్మ:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా బాబుకి నెలన్నర. పుట్టినప్పుడు 4.2 కేజీలు, భుజం చిక్కుకుంది. కుడిచెయ్యి లోపలికి తిరిగి, అరచెయ్యి వెనక్కి పెట్టి పడుకుంటాడు. వేళ్ళు ముడుస్తున్నాడు. అత్తయ్య రోజూ నూనె రాసి లాగితే వచ్చేస్తుందంటున్నారు.

ధవళేశ్వరం పిన్ని:

నూనె రాయండి, లాగొద్దు. అత్తగారికి నా మాటగా చెప్పండి. ఎక్కువమంది పిల్లలకి తిరిగొస్తుంది, కానీ వస్తుందిలే అని కూర్చోకూడదు. ముందు కాలర్ బోన్ విరగలేదని ఎక్స్‌రేలో చూపించుకోండి. చంకల్లో చేతులేసి ఎత్తొద్దు, మెడ, పిర్ర కింద పట్టి ఎత్తండి. చొక్కా తొడిగేప్పుడు ముందు కుడిచెయ్యి, విప్పేప్పుడు ఆఖర్న. లంగోటీ మార్చిన ప్రతిసారీ మోచెయ్యి పక్కకి ఆనించి చెయ్యి మెల్లగా బయటికి తిప్పండి. మూడో నెల నిండేసరికి మోచెయ్యి తనంతట తాను వంచి నోటి దగ్గరికి తేకపోతే, పిల్లల నరాల సర్జన్‌కి చూపించాలి. ఇప్పుడే ఒకసారి చూపించి పెట్టుకుంటే ఇంకా మంచిది.

కాలవగట్టు ఫిజియో:

పిన్నిగారూ, చూశానండి.

లైటు ఆర్పాను. ఎడమ పాప పెద్దదైంది. కుడిది అలాగే ఉంది. సెల్‌ఫోన్లో వీడియో తీసి అతనికే చూపించాను. "ఇదేటండి, కన్నుకీ చెట్టుకీ ఏం సంబంధం?" అన్నాడు. ఎండలో బస్టాండు నుంచి నడిచొచ్చాడు కదా, నుదురు చూశాను. ఎడమవైపు చెమట కారుతోంది, కుడివైపు పౌడర్ రాసినట్టుంది. ఇన్ని రోజులు నా ఎదురుగా కూర్చున్న ముఖమే అది.

కాలర్ బోన్ పైన తట్టాను, ఏమీ పాకలేదు. చొక్కా విప్పించి వీపూ చూశాను. రాంబాయిడ్ రెండువైపులా నిండుగా ఉంది. సెరేటస్‌కి పడుకోబెట్టి చెయ్యి కప్పుకేసి తోయించాను, 5. ట్రైసెప్స్ 4. మణికట్టు ఎత్తడం 5. ఎఫ్‌పీఎల్ (బొటనవేలి చివర వంచే కండరం) 0, వేళ్ళ మధ్యవి అన్నీ 0, చూపుడువేలు వంచడం 2. అంటే పై మూడు వేర్లు బాగున్నాయి, కింది రెండూ పోయాయి. చార్టు రెండు కాపీలు రాశాను.

ఆ ఎర్రగీత సంగతి చెప్పడమే కష్టమైంది. వాళ్ళావిడ ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నార్మల్ అని ఉంది కదండీ" అంది రెండుసార్లు. బోరు, కాలవ అని మీరు చెప్పినట్టే చెప్పాను. లంకలో పుట్టినవాళ్ళు, గండి అంటే నాకన్నా బాగా తెలుసు. కాసేపు మాట్లాడలేదు. ఆనక అతనే అడిగాడు, "అయితే నేను చెట్టెక్కనా?" వేళ్ళు పట్టు వచ్చేలా చేసే దారులున్నాయి, చిన్నచిన్న కండరాలు మాత్రం రావు అన్నాను. చెట్టు గురించి నాకు నేనుగా ఏం చెప్పలేకపోయాను. "మా తమ్ముడెక్కుతాడు, నేను కింద కాయలు లెక్కెడతాను" అని వాళ్ళావిడకేసి చూశాడు. అది ఆవిడకి చెప్పడమో, నాకు చెప్పడమో తెలీలేదు.

ఎమ్మారై అయ్యింది, శుక్రవారం బండికి టిక్కెట్లు తీశారు. ఖర్చు గురించి ఆరోగ్యమిత్రని అడిగారు, కాగితాలు కట్టుకుంటున్నారు. సదరం సర్టిఫికెట్ సంగతి కూడా చెప్పాను గానీ, ఇప్పుడప్పుడే ఆ మాట ఎత్తొద్దన్నాడు.

ఒక సందేహం మిగిలింది. బ్రేకియాలిస్ కొమ్మ కలిపితే, తర్వాత నేను అతన్ని మోచెయ్యి వంచమని వేళ్ళు ముడిపించాలి, అంతేనా? ఎడంచెయ్యి గారికి జరిగినదానికి తిరగేసి?

ధవళేశ్వరం పిన్ని:

అంతే. మోచేతిని బరువుకి ఎదురుగా వంచమను, వేళ్ళు చూడు. మొదటి కదలిక కనపడ్డానికి నెలలు పడుతుంది, అప్పటిదాకా కీళ్ళు చూసుకో. ఆపరేషన్ తర్వాత పట్టీ ఎన్నాళ్ళో సర్జన్ రాసిచ్చినట్టే చెయ్యి, నా మాట కాదు. శుక్రవారం వెళ్ళేలోపు ఆ మెటికల స్ప్లింట్ ఒకసారి చూడు. అయిదు నెలల్లో కండ తగ్గి పట్టీ వదులైపోయి ఉంటుంది. లోపల రుద్దుకున్నా అతను చెప్పడు.

కాలవగట్టు ఫిజియో:

నిజమేనండి, చిటికెన వేలి మెటిక మీద ఎర్రగా కందింది. రేపు పొద్దున్న పదింటికి రమ్మన్నాను, కొత్త షీటు కోస్తున్నాను.